బ్యాట్లకు మాత్రమే ప్రవేశం

“బ్యాట్ ఇటిచ్చి నువ్వు పోయి ఆ షెడ్డు కింద కూర్చోమ్మా” అన్నాడు అటెండరు.

వెంగమాంబ కదల్లేదు. జిల్లా బాలికల క్రికెట్ జట్టుకి సెలక్షన్లని చెబితే ఊటుకూరువారిపాలెం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. తెల్ల ప్యాంటు మడిచి పరుపు కింద పెట్టి, దాని మీదే పడుకుని ఇస్త్రీ చేసింది. బౌలింగ్ ఎవరు వేస్తారో, పిచ్ మీద పచ్చిక ఉంటుందో లేదో అని దారి పొడుగునా ఆలోచించింది. తనని బయట ఆపి బ్యాట్‌ని లోపలికి పిలుస్తారని మాత్రం ఆలోచించలేదు.

“నేను గూడా రావాలేమో అన్నా” అంది, తనకే వినపడనంత చిన్నగా.

“నువ్వెందుకు? సెలక్షన్ బ్యాట్‌కి.” అతను తలుపు మీద అంటించిన కాగితం చూపించాడు. ‘బ్యాట్లకు మాత్రమే ప్రవేశం. వాహకులు షెడ్డులో వేచియుండవలెను.’

“వాహకులంటే ఎవురన్నా?” అని అడిగింది కరుణ. కరుణ, వెంగమాంబ ఇద్దరూ పదో తరగతి. బడి టీములో ఓపెనింగ్ ఇద్దరూ కలిసే దిగుతారు. వెంగమాంబ మాట్లాడాల్సినవి కూడా కరుణే మాట్లాడేస్తుంది. కొట్టాల్సినవి మాత్రం వెంగమాంబే కొడుతుంది.

“మోసుకొచ్చినోళ్లు” అన్నాడు అటెండరు.

“ఓసినీ! మేం బ్యాట్‌ని తెచ్చామనుకున్నాం గదన్నా. అదా మమ్మల్ని తీసుకొచ్చింది!”

వెంగమాంబకి నవ్వు రాలేదు. ఇంటి దగ్గర అమ్మ ఒక మాట ఖాయం చేసి పంపింది. “ఈసారి జిల్లా టీములో పేరొచ్చిందా, ఎంత కాలమైనా ఆడుకో, నేనడగను. రాలేదా, ఆదివారాలు నాతో మిరపకాయల కోతకి రా. ఎట్టాగూ ఎండలో ఉండేదే గదా, కాస్త పనికొచ్చే ఎండలో ఉండు.” అమ్మ అన్న మాటంటే అన్నట్టే. అందుకని ఇవాళ ఎంత వేగంగా బంతి వేసినా కొట్టి తీరాలని వెంగమాంబ వచ్చింది. కొట్టడానికి బంతి లేదు. బ్యాట్‌ని అటెండరు తీసుకుపోయాక చేతిలో బ్యాటూ లేదు.

వాళ్ల పీఈటీ జిలానీ మాస్టారు ఆఫీసులోకి వెళ్లి కనుక్కుని వచ్చారు. ముఖం వాడిపోయింది.

సంగతి ఏమిటంటే, జిల్లా క్రీడా ప్రతిభా మండలికి కొత్త అధ్యక్షులు వచ్చారు. పేరు పరాంకుశం గారు. అంతకు ముందు ఆయన ఉద్యోగమంతా కలప డిపోల్లో గడిచింది. టేకు దుంగని తట్టి చూసి లోపల తొర్ర ఉందో లేదో చెప్పగలిగిన మనిషి. బదిలీ మీద క్రీడల్లోకి వచ్చాక ఆయనకి ఏమీ తోచలేదు. బంతులు దొర్లుతున్నాయి, పిల్లలు పరిగెడుతున్నారు, తట్టి చూడదగ్గది ఒక్కటీ కనపడలేదు. అలా దిగులుగా తిరుగుతున్న రోజుల్లో స్టోరు గదిలో ఓ మూల క్రికెట్ బ్యాట్ కనిపించింది. “ఇది కలప కదయ్యా!” అన్నారట. ఆయన కళ్లు చెమర్చాయని స్టోరు కీపరు ఇప్పటికీ చెబుతాడు.

ఆ రోజు నుంచి ఆయన బ్యాట్లు చేసే విల్లో కొయ్య గురించి దొరికిందల్లా చదివారు. ఇంగ్లీషు విల్లో తెల్లగా, మెత్తగా, తేలిగ్గా ఉంటుందనీ, బంతి తగిలితే దూకి పోతుందనీ తెలుసుకున్నారు. కాశ్మీరు విల్లో కాస్త గోధుమ రంగులో, గట్టిగా, బరువుగా ఉంటుందనీ, ఎన్నాళ్లయినా పడి ఉంటుంది గానీ బంతి అంత హుషారుగా పోదనీ తెలుసుకున్నారు. ఇంత స్పష్టంగా కొయ్యలోనే అన్నీ ఉండగా ఇన్నాళ్లూ మనుషుల్ని సెలక్ట్ చేస్తూ కూర్చున్నారే అని ఆయనకి బాధ కలిగింది. వెంటనే ఒక సర్క్యులర్ వెలువడింది. ‘ఆటగాని ఫామ్ అస్థిరము. కలప స్థిరము. కావున ఎంపిక యందు స్థిరమైన దానినే పరిగణించవలెను.’

“కిటికీ తీసే ఉంది, రాయే” అని కరుణ వెంగమాంబని లాక్కుపోయింది.

లోపల పొడుగాటి బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి బ్యాట్లని పడుకోబెట్టారు. పరాంకుశం గారు భూతద్దం పట్టుకుని ఒక్కో బ్యాట్ మీద నిలువు గీతలు లెక్క పెడుతున్నారు. పక్కన సూపరింటెండెంటు భుజంగం గారు రాసుకుంటున్నారు.

“ఒక్కొక్క గీత, చెట్టు జీవితంలో ఒక్కొక్క సంవత్సరం” అన్నారు పరాంకుశం గారు. “అనగా ఈ అభ్యర్థికి పదేళ్ల సర్వీసు. సీనియారిటీలో పైన వెయ్యండి. తరువాతి అభ్యర్థి!”

అటెండరు తరువాతి అభ్యర్థిని రెండు చేతులతో తెచ్చి పడుకోబెట్టాడు. అది వెంగమాంబ వాళ్ల బడి బ్యాట్. ఇంతకుముందు చదివి వెళ్లిన అక్కలందరూ ఆడిన బ్యాట్. హ్యాండిల్‌కి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది, కింది అంచుకి తెల్ల టేపు. బంతి తగిలితే చేతులు మోచేతుల దాకా జివ్వుమంటాయి. అయినా వెంగమాంబ మీద అది ఏనాడూ అలగలేదు.

పరాంకుశం గారు వేళ్లతో ఒకసారి తట్టి, చెవి పెట్టి విన్నారు. “కాశ్మీరు. గీతలు వెడల్పు. సర్వీసు తక్కువ, శరీరం ఎక్కువ. తృతీయ శ్రేణి.”

కిటికీ బయట వెంగమాంబకి తన ప్రోగ్రెస్ కార్డు తండ్రి ముందు చదివినట్టయింది. జిలానీ మాస్టారు ఇక ఉండబట్టలేక లోపలికి వెళ్లిపోయారు. ఆయన మనిషే కాబట్టి అటెండరు ఆపబోయాడు గానీ ఆపలేకపోయాడు.

“సార్, ఒక్క అయిదు నిమిషాలు. ఈ బ్యాట్‌తో మా పిల్ల కొట్టేది చూడండి.”

“మాస్టారూ” అన్నారు పరాంకుశం గారు జాలిగా. “కొట్టేది పిల్ల కాదు, కలప. పిల్ల కలపని పట్టుకుని ఉంటుంది. అయినా మీ తృప్తి కోసం ప్రయోగాత్మకంగా పరిశీలిద్దాం.”

అందరూ నెట్స్ దగ్గరికి నడిచారు. టౌను అకాడమీ అమ్మాయి లోహిత ఇంగ్లీషు బ్యాట్‌ని వెంగమాంబకి ఇమ్మన్నారు. లోహిత సంతోషంగా ఇచ్చింది. బ్యాట్ వెన్నముద్దలా తేలిగ్గా ఉంది. వెంగమాంబ కొడితే బంతి గోడ దాటి, అవతల దాణా కొట్టు రేకుల మీద పడి మోగింది.

“చూశారా, ఇంగ్లీషు విల్లో!” అన్నారు పరాంకుశం గారు.

లోహిత బడి బ్యాట్ పట్టుకుంది. బరువుకి చెయ్యి తిరగలేదు, వికెట్టు ఎగిరిపోయింది.

“చూశారా, కాశ్మీరు విల్లో!”

వెంగమాంబ మళ్లీ తన బ్యాట్ తీసుకుంది. బంతి మళ్లీ దాణా కొట్టు రేకుల మీదే పడింది. ఈసారి కొట్టాయన గోడ మీంచి తల పెట్టి, “ఎవుర్రా అది, నెత్తిన పడితే మీ మండలి కట్టుద్దా ఆస్పత్రి బిల్లు?” అని కేకేశాడు.

పరాంకుశం గారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. “పొద్దుటి నుంచి ఈ రెండు బ్యాట్లూ ఒకే బల్ల మీద పక్కపక్కన పడుకుని ఉన్నాయి. సహవాస ప్రభావం. ఉత్తమ కలప గుణం అధమ కలపకి తాత్కాలికంగా సోకింది. భుజంగం గారూ, ఇకమీదట శ్రేణుల వారీగా వేరు వేరు బల్లలు వేయించండి.”

ఆఖరికి లోహిత తన ఇంగ్లీషు బ్యాట్‌తోనే నిలబడింది. మొదటి బంతికే బౌల్డ్.

“వాహక దోషం” అన్నారు పరాంకుశం గారు. “అందువల్లనే వాహకులను లెక్కలోకి తీసుకోరాదని సర్క్యులర్‌లో స్పష్టపరిచాము.”

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. పదకొండు ఇంగ్లీషు బ్యాట్లు సెలక్టయ్యాయి. వాటితోపాటు వాటిని పట్టుకోవడానికి పదకొండు మంది పోతారు. వెంగమాంబ బడి బ్యాట్‌ని తీసుకుని సంచిలో పెట్టుకుంది. “పోన్లేవే, మిరపకాయలు కోసేదానికి గీతలు లెక్కెట్టరు” అంది కరుణ. తర్వాత అలా అన్నందుకు తనే నాలుక కరుచుకుంది.

సరిగ్గా అప్పుడు, పొద్దుటి నుంచి పెన్ను తప్ప నోరు కదపని భుజంగం గారు గొంతు సవరించుకున్నారు.

“సార్, చిన్న సందేహం. జిల్లా జట్టంటే లోకల్ అభ్యర్థులతో నింపాలి. ఇప్పుడు అభ్యర్థి బ్యాట్ కాబట్టి, సదరు బ్యాట్ లోకలా, నాన్-లోకలా?”

పరాంకుశం గారు చటుక్కున తలెత్తారు.

“ఒక్కో గీత ఒక్కో ఏడాది సర్వీసని తమరే సెలవిచ్చారు. ఈ పదేళ్ల సర్వీసూ ఇది ఎక్కడ చేసింది?”

“ఇంగ్లండులో.”

“నాన్-లోకల్” అని భుజంగం గారు ఎర్ర పెన్నుతో గీత గీశారు. “పోనీ, బ్యాట్ అయిన తరువాత జిల్లాలో వరసగా నాలుగేళ్లు నివసించినట్టు రుజువుంటే లోకల్‌గా పరిగణించవచ్చు.”

లోహిత నాన్నని పిలిచి అడిగారు. ఆయన నోరెళ్లబెట్టాడు. “నాలుగేళ్లా! ఇంగ్లీషు విల్లో సార్ అది, మెత్తని కొయ్య. గట్టిగా ఆడితే ఏడాది నిలవదు. పోయినేడుది పగిలింది. అంతకుముందుదీ పగిలింది. నాలుగేళ్లు నిలిచేదయితే నేనీపాటికి ఇల్లు కట్టేవాణ్ని.”

“కాశ్మీరువి?”

“కాశ్మీరువి నిలుస్తాయి సార్” అన్నారు జిలానీ మాస్టారు ఆశగా. “మా బ్యాట్ ఎనిమిదేళ్ల నుంచి మన జిల్లా దాటలేదు. పుట్టు లోకల్.”

“లోకలే గానీ తృతీయ శ్రేణి” అన్నారు పరాంకుశం గారు నిట్టూర్చి.

ఉత్తమ బ్యాట్ లోకల్ కాదు. లోకల్ బ్యాట్ ఉత్తమం కాదు. “ఇంక దారి లేదే. ఇప్పుడు మనుషుల్నే తీసుకుంటారు” అని కరుణ చెవిలో ఊదింది. వెంగమాంబ మెల్లిగా సంచి నుంచి బ్యాట్ బయటికి తీసింది.

పరాంకుశం గారు కళ్లు మూసుకుని ఉన్నారు. కాసేపటికి తెరిచారు. ముఖం వెలిగిపోతోంది.

“ఆడితే నిలవదన్నారు. మరి, ఆడకపోతే?”

ఆ మర్నాటి నుంచి జిల్లా అంతా గాలింపు మొదలైంది. నాలుగేళ్లకు పైగా జిల్లాలో ఉండి, ఒక్క బంతి కూడా తగలని ఇంగ్లీషు విల్లో బ్యాట్లు కావాలి. ఎవరూ నమ్మరు గానీ, పదకొండూ దొరికాయి. ఒకటి కళ్యాణమండపం ఆఫీసులో గోడకి వేలాడుతోంది. ఒకటి బట్టల కొట్టు షోకేసులో, బొమ్మ చేతిలో ఉంది. ఒకాయన పెళ్లిలో కానుకగా వచ్చిన బ్యాట్‌ని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువాలో పట్టుచీరల మధ్య దాచాడు. అన్నిటికన్నా ఉత్తమమైనది పళ్ల డాక్టరు గారి వెయిటింగ్ హాల్లో అద్దాల పెట్టెలో దొరికింది. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు తమ వంతు వచ్చేదాకా దాన్ని చూస్తూ కూర్చుంటారు. మచ్చ లేదు, మరక లేదు. గీతలు దువ్వెన పళ్లలా ఉన్నాయి. పరాంకుశం గారు దానికి నమస్కారం పెట్టారు. అదే కెప్టెన్.

చిక్కల్లా బ్యాట్ల యజమానులతో వచ్చింది. బ్యాట్ పంపుతాం గానీ దాన్ని పట్టుకునే పిల్లని మేమే చూసి ఖాయం చేసుకుంటాం అన్నారు. అలా వాహకురాళ్లకి మళ్లీ పిలుపు వచ్చింది.

పళ్ల డాక్టరు గారి భార్య స్వరాజ్యం గారు సోఫాలో కూర్చుని పిల్లల్ని ఒక్కొక్కరినే చూశారు. ఆ బ్యాట్ ఆవిడ తమ్ముడు ఇంగ్లండులో చదువుకుని వస్తూ తెచ్చింది. ఆవిడ ప్రతి శుక్రవారం దాన్ని తుడిచి బొట్టు పెడుతుంది.

“నీ పేరేంటమ్మా?”

“కరుణండీ. ఓపెనింగ్ బ్యాటరుని. మొన్న చీమకుర్తోళ్ల మీద ఆంటీ, వరసగా మూడు ఫోర్లు, మూడోది కొట్టినప్పుడు బాలు కుట్లు ఊడిపోయినయ్యి...”

“నువ్వు బయట కూర్చోమ్మా” అన్నారు స్వరాజ్యం గారు.

తరువాత వెంగమాంబ వచ్చింది. తల వంచుకుని నిలబడింది. ఏం అడిగినా ఊ అంది. స్వరాజ్యం గారు మురిసిపోయారు. “ఈ పిల్ల చీమని కూడా తొక్కేటట్టు లేదండీ. దీనికివ్వండి.” తరువాత వెంగమాంబ గడ్డం పట్టుకుని చెప్పారు. “చూడు తల్లీ, ఆటలో దించుకో, తిప్పుకో, కావలిస్తే పైకెత్తి చూపించుకో. బంతి మాత్రం తగలకూడదు. ఎట్టా తీసుకుపోయావో అట్టా తేవాలి. ఒట్టేనా?”

వెంగమాంబ ఊ అంది. అలవాటు ప్రకారం అనేసింది. అనేశాక గానీ దేనికి ఒట్టేసిందో తెలియలేదు.

బయటికొచ్చాక కరుణ చాలాసేపు మాట్లాడలేదు. కరుణ మాట్లాడకపోవడం వెంగమాంబ ఎప్పుడూ వినలేదు.

“మీ అమ్మకి చెప్పు, పేరొచ్చిందని” అంది చివరికి.

“పేరెక్కడొచ్చింది? వాహకురాలని రాశారు.”

“పోతన్నావు గదే. నేనయితే కూతలు కూసి చెడగొట్టుకున్నా.”

వెంగమాంబకీ అమ్మకీ మధ్య ఒప్పందం నెరవేరింది. కానీ అటువైపు కరుణ లేకుండా క్రీజులోకి దిగడం చెప్పులు ఒక కాలికే వేసుకున్నట్టు ఉంది.

జిలానీ మాస్టారు స్వరాజ్యం గారికి ఫోన్ చేసి బతిమాలారు. “అమ్మా, ఇంగ్లీషు విల్లో కొత్త బ్యాట్‌కి అవిసె నూనె పట్టించి, కొయ్య సుత్తితో గంటల తరబడి మెల్లగా కొడుతూ గట్టిపరచాలి. ఇన్నేళ్లు అద్దాల పెట్టెలో ఎండిపోయింది గూడా. అట్టా చెయ్యకపోతే పెళుసుగా ఉండిపోద్దమ్మా.” స్వరాజ్యం గారు, “నూనె రాస్తే మరకలవుతాయి. సుత్తితో కొట్టాలనిపిస్తే మీ ఇంట్లో సామాన్లు కొట్టుకోండి” అని ఫోన్ పెట్టేశారు.

రాష్ట్ర పోటీలు పక్క జిల్లాలో. నీళ్ల బిందె మోయడానికని చెప్పి జిలానీ మాస్టారు కరుణని కూడా బస్సెక్కించారు. “నేనూ వాహకురాలినే. నాది నీళ్ల శాఖ” అంది కరుణ. మళ్లీ మాట్లాడుతోంది కాబట్టి వెంగమాంబకి ప్రాణం లేచొచ్చింది.

అంతకు ముందే భుజంగం గారు వయసు గురించీ సందేహం తీర్చుకున్నారు. బాలికల పోటీకి పదహారేళ్ల లోపు వాళ్లే అర్హులు. పదకొండు బ్యాట్లకీ పదహారు నిండలేదు. బాలికలేనా అన్నదానికి, కాదని రుజువు లేనందున అభ్యంతరం లేదని రాశారు.

మ్యాచ్ మొదలైంది. మన జిల్లా బ్యాటింగ్. జిలానీ మాస్టారు ఆలోచించి ఒక ఎత్తు చెప్పారు. “బ్యాట్ ఎనక దాచుకోండి, ప్యాడ్ ముందు పెట్టండి. ప్యాడ్‌కి తగిలి పోతే పరిగెత్తండి.” రెండో ఓవర్లో అంపైరు చెయ్యి అడ్డం పెట్టాడు. “అసలు బ్యాట్ కదపకుండా ప్యాడ్ అడ్డం పెడితే పరుగివ్వను. రూలు.” ఇక మిగిలింది వైడ్లు, వికెట్ కీపరు వదిలేసే బంతులు.

ఆ విధంగా ఇన్నింగ్స్ నడిచింది. లోహిత కళ్యాణమండపం బ్యాట్‌ని తల మీదికెత్తి పట్టుకుని నిలబడింది. మధ్య వికెట్టు పోయింది. బయటికి రాగానే పరాంకుశం గారు భూతద్దంతో బ్యాట్ రెండు వైపులా చూసి, “మచ్చ లేదు!” అని చప్పట్లు కొట్టారు. ఆ వెనక ఇంకో పిల్ల అవుటై వచ్చింది. “మచ్చ లేదు!” మళ్లీ చప్పట్లు. అవతలి జట్టు పిల్లలకి ఇదేదో భయంకరమైన వ్యూహం అనిపించి, అప్పీల్ చెయ్యడానికి కూడా జంకారు.

వెంగమాంబ ఒక చివర నిలబడే ఉంది. పొట్ట మీద ఒకటి, తొడ మీద రెండు దెబ్బలు తగిలాయి. స్వరాజ్యం గారి ఒట్టు గుర్తు చేసుకుంటూ వదిలేసింది. చేతిలో బ్యాట్ లేనట్టే ఉంది. అంత తేలిక. అద్దాల పెట్టెలో ఇన్నేళ్లూ పుచ్చిన పళ్లని చూస్తూ ఉండిపోయిన బ్యాట్. దీన్ని మళ్లీ అద్దాల్లో పెట్టేస్తారు. తనేమో ఇంటికి పోతుంది. రాష్ట్రం పోటీల్లో ఏం చేశావే అని అమ్మ అడుగుతుంది. బంతులు ఒంటి మీద వేయించుకున్నానమ్మా అని చెప్పాలి.

అప్పుడు వాళ్ల స్పిన్నరు చెయ్యి జారి ఒక బంతి వచ్చింది. ఎత్తుగా, నెమ్మదిగా, నేలకి తగలకుండా నేరుగా నడుము దగ్గరికి. నీళ్ల బిందె దగ్గర నుంచి కరుణ అరుపు వినిపించింది. “వెయ్యవే!”

వెంగమాంబ నిర్ణయించుకోలేదు. చేతులు నిర్ణయించుకున్నాయి.

అలాంటి శబ్దం ఆ మైదానంలో అంతకుముందు ఎవరూ వినలేదట. బంతి బౌలరు వెనకున్న తెల్ల తెర మీంచి, గోడ మీంచి, బయట ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరు మీంచి పోయి కనపడకుండా పోయింది. బ్యాట్‌లో కొట్టే పలక, అదే బ్లేడు, మటుకు గిరగిరా తిరుగుతూ పాయింట్ ఫీల్డరు వైపు పోయింది. ఆ పిల్ల అలవాటుగా చేతులు చాచి పట్టేసుకుని, “హౌజాట్!” అని అరిచింది.

అంపైరు సగం ఎత్తిన వేలు దించేశాడు. “నాటౌట్. పట్టుకోవాల్సింది అది కాదు.”

వెంగమాంబ చేతిలో హ్యాండిల్ మిగిలింది. మన జిల్లా ఆ మ్యాచ్ ఓడిపోయింది. వైడ్లూ బైలూ కాక, బ్యాట్ మీద వచ్చినవి ఆ ఆరు పరుగులే. వెంగమాంబకి ఓటమి మీద ధ్యాస లేదు. స్వరాజ్యం గారి ముఖమే కనిపిస్తోంది. పరాంకుశం గారు రెండు ముక్కలూ తువ్వాలు మీద పడుకోబెట్టి, పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు.

ఈలోగా రాష్ట్ర మండలి కార్యదర్శి గారు నల్ల కళ్లద్దాలతో వచ్చారు. ఆటగాళ్లు లేకుండా సెలక్షన్లు జరిపిన తీరు ఆయనకి ముందు నుంచీ నచ్చింది. భోజనాల ఖర్చు బాగా కలిసొచ్చిందట.

“ఈ పోటీల్లో ఇంత దూరం ఎవరూ కొట్టలేదు. రాష్ట్ర శిక్షణ శిబిరానికి తీసుకోవలసిందే. కొట్టింది ఎవరు?”

వెంగమాంబ ఒక అడుగు ముందుకేసింది.

“ఇదేనండి” అని పరాంకుశం గారు తువ్వాలు చూపించారు.

“విరిగింది కదయ్యా?”

“విరిగింది, కానీ తలవంచలేదండి. ఇంగ్లీషు విల్లో స్వభావమే అంత. కాశ్మీరు విల్లో జీవితమంతా కొంచెం కొంచెంగా ఇస్తుంది. ఇది ఉన్నదంతా ఒక్క దెబ్బలో ఇచ్చేసింది.”

“గాయపడిన క్రీడాకారులకి సెలక్షన్ రద్దు చెయ్యరాదని నిబంధన ఉంది” అన్నారు భుజంగం గారు. “శిబిరంలో విశ్రాంతి ఇవ్వవచ్చు.”

కార్యదర్శి గారు తలాడించారు. బ్యాట్ సెలక్టయింది. ఆ వార్త చెప్పడానికి పరాంకుశం గారే స్వరాజ్యం గారికి ఫోన్ చేశారు. ఫోన్‌లోంచి కేక అందరికీ వినిపించింది. “ఏవండోయ్, మన బ్యాట్ రాష్ట్రానికి సెలక్టయిందట! ఆ కుర్చీలో ఆయన్ని నోరు మూసుకోమనండి, పన్ను రేపు పీకొచ్చు, ముందిటు రండి!” విరిగిన సంగతి చెప్పడానికి పరాంకుశం గారికి సందు దొరకలేదు. చెప్పాక కూడా ఆవిడ, “పెద్ద ఆటగాళ్లకి దెబ్బలు తగలవూ?” అన్నారు.

“అయితే ఈ పిల్ల వాహకురాలిగా వెళ్తుంది” అన్నారు కార్యదర్శి గారు.

“ఒక్కతే చాలదండి” అన్నారు భుజంగం గారు. “ఇప్పుడు ఇవి రెండు వస్తువులు. రెండు వస్తువులకి ఒకే బాధ్యురాలిని పెడితే, ఒకటి పోయినప్పుడు రెండోదాని విషయంలో కూడా ఆడిట్ అభ్యంతరం వస్తుంది. హ్యాండిల్‌కి ఒకరు, బ్లేడుకి ఒకరు ఉండాలి.”

“ఇంకొకరెవరు?”

వెంగమాంబ నోరు తెరిచింది. ఆ రోజుకి అదే మొదటి మాట. ఆ మాటకొస్తే అధికారుల ముందు ఆమె జీవితంలో పలికిన మొదటి మాట.

“మా కరుణండీ. మోయడం వచ్చు. పొద్దుట్నుంచి నీళ్లు అదే మోస్తోంది.”

“అనుభవజ్ఞురాలు” అని రాసుకున్నారు భుజంగం గారు.

కరుణ తువ్వాలు మీంచి బ్లేడు తీసి చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. కళ్లనీళ్లు బ్లేడు మీద పడకుండా చూసుకుంది.

జిలానీ మాస్టారి ఫోన్ తీసుకుని వెంగమాంబ ఇంటికి చేసింది. అమ్మ పొలంలో ఉంది. వెనక కూలీల మాటలు వినపడుతున్నాయి.

“ఏందే, సెలక్టయ్యావా?”

“బ్యాట్ సెలక్టయిందమ్మా. రాష్ట్రం క్యాంపుకి.”

“బ్యాటా? మరి నువ్వో?”

“రెండు ముక్కలయిందిలే. నేను హ్యాండిల్ పట్టుకుని పోవాలి. కరుణ బ్లేడు పట్టుకునొస్తది. రెండు నెలలు అక్కడే ఉండాలి. సాయంత్రాలు ఆ ముక్కలకి విశ్రాంతంట. అప్పుడు మమ్మల్ని ఊరికే ఆడుకోమన్నారు.”

అమ్మ ఈ సంగతంతా పక్కనున్నవాళ్లకి చెప్పడం ఫోన్‌లో వినిపించింది.

“ముక్కకొకళ్లు లెక్కనా?”

“ఊ.”

“ఓసి పిచ్చి మొద్దా! రెండు ముక్కలతో ఆపావేందే? ఇంకాస్త గట్టిగా కొట్టుంటే మీ టీమోళ్లంతా పోయేవాళ్లు గదా!”